పాలు కక్కే చంటిబిడ్డ, రాత్రి నిద్ర: అపోహలు – వాస్తవాలు

నరసాపురంలో పిల్లల వైద్యం చేస్తున్నాను. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద గోదావరి దాటి, పొత్తిగుడ్డల్లో బిడ్డను చుట్టుకుని తల్లులు వస్తుంటారు. "కక్కుతోందండి" అని మొదలుపెడతారు. కాసేపటికి అసలు మాట బయటికొస్తుంది: "రాత్రి పడుకోబెట్టాలంటే భయమేస్తోందండి. కూర్చునే తెల్లారబెడుతున్నాను." ఆ భయంలో చేసే పనుల గురించే నాకు బెంగ.

అపోహ: వెల్లకిలా పడుకోబెడితే పాలు పొలమారి ఊపిరాడదు. బోర్లా గానీ పక్కకి గానీ తిప్పాలి.

అన్నిటికంటే ప్రమాదమైన అపోహ ఇది. నా టేబుల్ మీద రెండు బొప్పాయి కాడలు పెట్టుకుంటాను. ఒకటి గాలిగొట్టం, రెండోది పాలు దిగే గొట్టం. బిడ్డ వెల్లకిలా ఉంటే గాలిగొట్టం పైన, పాలగొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే మెరకకి ఎక్కాలి. అందుకే బిడ్డ వాటిని మింగేస్తుంది, లేదా బుగ్గ మీదుగా కారిపోతాయి. కాడల్ని తిరగేసి చూపిస్తాను. బోర్లా వేస్తే గాలిగొట్టం పల్లంలోకి వచ్చేస్తుంది. కాలవ నీళ్ళతో సేద్యం చేసే తాతయ్యలకి ఇది నేను చెప్పేలోపే అర్థమైపోతుంది.

పైగా నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదం బోర్లా పడుకునే పిల్లల్లోనే ఎక్కువ. అమెరికాలో 1994లో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అని ప్రచారం మొదలయ్యాక కొన్నేళ్ళలోనే అలాంటి మరణాలు సగానికి సగం తగ్గాయి. పాలు కక్కే పిల్లలకీ ఇదే పద్ధతి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి చూస్తుంటే కాసేపు బోర్లా వేయొచ్చు.

అపోహ: తల ఎత్తులో ఉంటే కక్కదు.

మంచం కోళ్ళ కింద ఇటుకలు, తల కింద ఆవాల దిండు పెడుతుంటారు. బిడ్డ కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరికే అడ్డం. చీర ఉయ్యాలలోనూ ఒళ్ళు విల్లులా వంగి పొట్ట నొక్కుకుంటుంది. ఉయ్యాల వద్దనేసరికి అమ్మమ్మలకి కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ నిద్రకి మాత్రం గట్టి పరుపు, సమంగా పరిచిన దుప్పటి, దోమతెర చాలు.

అపోహ: పెరుగులా విరిగి వస్తోంది, అరగడం లేదు.

కడుపులోని ఆమ్లానికి పాలు విరుగుతాయి. అది అరుగుదలే. ఎంత కక్కిందో అనుమానముంటే ఒక చెంచా పాలు గుడ్డ మీద ఒంపి చూడండి. మరక ఎంత పెద్దదవుతుందో చూస్తే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: మందు వేస్తే కక్కడం ఆగి రాత్రంతా పడుకుంటుంది.

అన్నవాహిక చివరనుండే కండరం ఇంకా బిగువెక్కకపోవడం వల్ల కక్కుతారు. నాలుగో నెల దాకా పెరిగి, ఎక్కువమందిలో ఏడాది నిండేలోపు అదే తగ్గిపోతుంది. ఊరికే కక్కుతూ, ఏడుస్తూ ఉన్న పిల్లలకి ఆమ్లం తగ్గించే మందు ఇచ్చి చూసిన పరీక్షల్లో, ఉత్తుత్తి మందు కంటే ఏడుపు ఏమీ ఎక్కువ తగ్గలేదు. పైగా ఆ మందులతో ఛాతీ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. కొందరికి మందు నిజంగానే కావాలి, అది బిడ్డను చూసి తేల్చాల్సిన విషయం. పక్కింటి బిడ్డకి రాసిన చీటీతో కొనకండి.

మూడు నెలల్లోపు బిడ్డ రెండు మూడు గంటలకోసారి లేవడం జబ్బు కాదు. చిన్న పొట్ట, ఆకలేస్తుంది.

అపోహ: ఆముదం ఉగ్గు, వస, తేనె పొట్టని శుభ్రం చేస్తాయి.

పెట్టకండి. కక్కే బిడ్డకి నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా రావచ్చు. ఏడాది లోపు తేనె విషం కావచ్చు. గేదె పాలూ వద్దు, ఆరు నెలలదాకా తల్లిపాలే. తల్లి పులుపు తింటే బిడ్డ కక్కుతుందన్నది కూడా నిజం కాదు. చింతకాయ పప్పు తినండమ్మా.

మరి ఏం చేయాలి? కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకోండి. త్రేన్పు వచ్చినా రాకపోయినా వెల్లకిలా పడుకోబెట్టేయండి. పుట్టింట్లో ఉన్నారు కాబట్టి ఆ అరగంట అమ్మమ్మకో నాన్నకో ఇచ్చి తల్లి నిద్రపోవాలి. ఇది నేను చీటీ మీద రాసి మరీ ఇస్తాను. ఎత్తుకున్నవాళ్ళకి కునుకు వస్తుంటే బిడ్డను వెంటనే పరుపు మీదికి దించాలి. ఛాతీ మీద వేసుకుని సోఫాలో నిద్రపోవడం చాలా ప్రమాదం.

నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డు తీసుకురండి. బరువు గీత పైకి పోతూ, బిడ్డ హుషారుగా ఉంటే కక్కడం గురించి బెంగ వద్దు. బరువు పెరగకపోయినా, పాలు పట్టనివ్వకపోయినా, ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కుతున్నా అదే రోజు చూపించండి. ఆకుపచ్చగా గానీ రక్తంతో గానీ కక్కినా, పొట్ట ఉబ్బినా, బిడ్డ నీలంగా మారినా, వాడిపోయి లేవకపోయినా తెల్లారి పంటు కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి, మీ ఒడ్డునే దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.