సంగట్లో కలిపే మాత్ర

“సార్, మా ఇంటాయనకు తెలీకుండా సంగట్లో కలిపి పెట్టే మాత్ర ఏదన్నా ఉంటే రాసియ్యండి.”

తిరుపతి, చిత్తూరు వైపు ఈ మాట వినని సైకియాట్రిస్టు ఉండరేమో. అడిగినామెను తప్పుపట్టలేం. కూలి డబ్బులన్నీ వైన్‌షాపు పాలై, రాత్రయితే ఒంటి మీద దెబ్బలు పడుతుంటే ఎవరైనా అదే అడుగుతారు. పైగా అలాంటి మాత్ర నిజంగానే ఉంది. దాని పేరు డైసల్ఫిరామ్. నోటికి రుచి పెద్దగా తెలియదు.

1940ల్లో డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇది కడుపులో పురుగులకు మందుగా పనికొస్తుందేమోనని తామే మింగి చూశారు. ఆ తర్వాత కాస్త మద్యం పుచ్చుకోగానే ఒళ్లు అదుపు తప్పింది. మనం తాగిన మద్యం కాలేయంలో ముందు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. మామూలుగా అయితే ఒక ఎంజైము దాన్ని వెంటనే విరిచేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. దాంతో విషం రక్తంలో పేరుకుపోతుంది. అరగంట లోపే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఈ ప్రమాదం పోదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ మందు మద్యం మీద కోరికను చంపదు. ‘మాత్ర వేసుకున్నాను, ఇప్పుడు తాగితే చస్తాను’ అన్న ఎరుకే మనిషిని వైన్‌షాపు మెట్లెక్కనివ్వదు. చాటుగా కలిపి పెడితే ఆ ఎరుక ఉండదు, ఆయన ఎప్పటిలాగే తాగుతాడు. మందులో పనికొచ్చే భాగం పోయి విషం మాత్రం మిగులుతుంది. కాబట్టి ‘రోగి అనుమతి లేకుండా ఇవ్వను’ అనే డాక్టరు నీతి కోసం వైద్యాన్ని వదులుకుంటున్నట్టు కాదు. అదే మాత్రను ఆయన ఒప్పుకుని, రోజూ భార్య ఎదురుగా మింగితే ఫలితం బాగుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ‘ఇవ్వను’ అని చెప్పి పంపేస్తే సరిపోదు. దెబ్బల సంగతి కూడా అడగాలి. ఆ ఓపీ గదిలో సాయం కావాల్సిన మనిషి ఆమె కూడా.

మరి ఆయన ఒప్పుకోకపోతే? ఆ ‘వద్దు’ ఆయనదా, మద్యానిదా?

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు చుక్క ముట్టరు. కొండకు నడిచొస్తానని మొక్కుకుని ఒక్కసారిగా మానేసేవాళ్లూ ఉంటారు. ఏళ్ల తరబడి తాగిన మెదడు ఆ మత్తును తట్టుకోడానికి తనలోని ఉద్రేక సంకేతాలను పెంచుకుని ఉంటుంది. మద్యం ఉన్నట్టుండి ఆగితే వాటిని అణచేది ఏదీ ఉండదు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరు రెండు నుంచి నాలుగు రోజుల మధ్య గోడల మీద పురుగులు పాకుతున్నాయంటూ దులుపుతుంటారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. నిజానికి అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఆ స్థితిలో ఉన్న మనిషి చికిత్సకు చెప్పే ‘వద్దు’కు విలువ లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం ఇలాంటి అత్యవసరంలో 72 గంటల వరకు చికిత్స చేయొచ్చు. వారం తిరిగేసరికి అదే మనిషి తేటగా మాట్లాడుతూ “ఇంటికి పోతా” అంటాడు. ఇంట్లోవాళ్లేమో ఇంకో రెండు నెలలు లోపలే పెట్టుకోమంటారు. చట్టం ప్రకారం డాక్టరు చూడాల్సింది అతను విషయాన్ని అర్థం చేసుకుని నిర్ణయించుకోగలడా లేదా అన్నదే. ఆ నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన కాదనే హక్కు రాదు. ఇది మింగుడుపడని నియమమే. కానీ పెళ్లాం బిడ్డలు చెప్పారని తలుపుకు గడియ పెట్టే డీ-అడిక్షన్ సెంటర్ల కన్నా ఇదే మేలు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే కేసు డ్రైవరుది. రోజూ ఘాట్ రోడ్డులో యాత్రికులను తిప్పే మనిషి, పొద్దున్నే రెండు పెగ్గులు పడితే గానీ చేతుల వణుకు ఆగదని డాక్టరుకు చెప్పుకున్నాడనుకుందాం. రహస్యం బయటపెడితే ఉద్యోగం పోతుంది. ఆ కబురు డిపో అంతా పాకితే ఇంకో డ్రైవరు ఓపీ గడప తొక్కడు. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అలాగని నోరు మూసుకుంటే బస్సులో జనం ఉన్నారు. సమాజానికి తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు రహస్యం విప్పొచ్చని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అదీ అవసరమైనంత మేరకే. ముందు చేయాల్సింది, ఆ రోజు నుంచే స్టీరింగ్ ముట్టకుండా సెలవు పెట్టమని ఒప్పించడం.

అప్పుడు అతను “సర్టిఫికెట్లో వైరల్ ఫీవర్ అని రాయండి సార్” అంటాడు. రాయకూడదు. అబద్ధపు సర్టిఫికెట్ అన్న మాట అటుంచి, జ్వరమని రాస్తే నాలుగు రోజులకే డ్యూటీ పడుతుంది, వణుకు తగ్గకముందే మళ్లీ ఘాట్ ఎక్కుతాడు. ‘నా దగ్గర చికిత్స పొందుతున్నారు, మళ్లీ పరీక్షించేదాకా వాహనం నడపకూడదు’ అని రాస్తే చాలు. జబ్బు పేరు అక్కర్లేదు.