డెహ్రాడూన్ ఐస్ రింక్ అన్నేళ్లు ఎందుకు మూతపడింది?

డెహ్రాడూన్‌లోని హిమాద్రి ఐస్ రింక్ 2025లో మళ్లీ తెరుచుకుంది. ఆగస్టులో ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ (ఐస్ మీద చిన్న ట్రాక్‌లో వేగంగా జారే పందెం) పోటీ కూడా అక్కడే జరిగింది. దాంతో పాత వాదన మళ్లీ లేచింది. పాటకు తగ్గట్టు ఐస్ మీద గెంతుతూ, గిరగిరా తిరిగే ఫిగర్ స్కేటింగ్ పోటీలను ఇలాంటి ఊళ్లలో పెట్టగలమా, లేక ఖర్చు భరించలేక రింక్‌కు మళ్లీ తాళం వేస్తారా?

సిమ్లాలో బ్రిటిష్ కాలం నుంచే ఐస్ రింక్ ఉంది. ఇప్పటి గొడవకు మూలం మాత్రం 2011 జనవరిలో ఉంది. దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ ఔలీలో, ఐస్ పోటీలు డెహ్రాడూన్‌లో జరిగాయి. రింక్ కట్టడానికి డబ్బు దొరికింది. ఆటలయ్యాక దాన్ని నడపడానికి నిలకడైన ఏర్పాటు లేకపోయింది. పదేళ్లకు పైగా అది మూలనపడింది.

ఫంక్షన్ హాల్‌లా ముహూర్తం ఉన్నప్పుడే తలుపులు తీస్తే ఐస్ రింక్ నడవదు. వేసవిలో ఎండ 40 డిగ్రీల దాకా వెళ్లే ఊళ్లో ఐస్‌ను చల్లగా ఉంచే యంత్రాలు (చిల్లర్లు) రాత్రింబవళ్లు తిరగాల్సిందే. ఆపితే ఐస్ కరిగిపోతుంది. మళ్లీ పల్చటి పొరలుగా నీళ్లు చల్లుతూ గడ్డకట్టించాలి.

స్కేటర్లు గుప్పెడు మంది, కరెంటు బిల్లు కొండంత అన్నది రింక్ నడపడం దండగ అనేవాళ్ల మాట.

రింక్ మూసేస్తే ఆ గుప్పెడు మంది ఎక్కడ నేర్చుకోవాలన్నది స్కేటర్ల ప్రశ్న. అంతర్జాతీయ పోటీల రింక్ 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. గురుగ్రామ్ మాల్‌లో ఉన్నది అంతకన్నా చిన్నది. స్తోమత ఉన్నవాళ్లు విదేశాలకు వెళ్తారు, లేనివాళ్లు చక్రాల స్కేట్లతోనే సరిపెట్టుకుంటారు. డెహ్రాడూన్ క్రీడలకు రెండు నెలల ముందే, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ అనూప్ కుమార్ యమ ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో (చక్రాల స్కేట్లతో చేసే ఫిగర్ స్కేటింగ్ లాంటిది) రెండు కాంస్యాలు గెలిచాడు. అంటే మనవాళ్లలో ప్రతిభకు కొదవ లేదు, ఐస్ లేదు.

పైగా ఫిగర్ స్కేటింగ్‌కు ఐస్ టైమ్ చాలా కావాలి. షార్ట్ ట్రాక్‌లో నలుగురైదుగురు కలిసి పరుగు తీస్తారు. ఫిగర్ స్కేటింగ్‌లో ఒక్కొక్కరూ తమ పాటతో విడిగా దిగాలి, సీనియర్ల ఫ్రీ స్కేటే (పోటీలోని పెద్ద ప్రదర్శన) దాదాపు 4 నిమిషాలు. ఐస్ హాకీకి వాడే ఐస్ కన్నా దీని ఐస్ కాస్త మెత్తగా ఉండాలి. 2002 సాల్ట్‌లేక్ శీతాకాల ఒలింపిక్స్‌లో జడ్జీల మార్కుల మీద రేగిన వివాదం తర్వాత వచ్చిన మార్కుల పద్ధతిలో జడ్జీలతో పాటు, ప్రతి జంప్‌నూ గుర్తించి, అనుమానం ఉంటే వీడియోలో తిప్పి చూసే టెక్నికల్ ప్యానెల్ కూడా ఉండాలి. చిన్న ఊరికి వీళ్లందరినీ బయటినుంచే రప్పించాలి.

ఇవన్నీ పోటీ జరిగే నాలుగు రోజుల ఖర్చులు. డెహ్రాడూన్‌ను ముంచింది ఆ తర్వాతి నెలల ఖర్చు. అందుకే తర్వాతి పోటీ ప్రకటించే ముందే మూడు సంగతులు కాగితం మీద పెట్టాలి: ఏడాది పొడవునా కరెంటు బిల్లు ఏ పద్దులోంచి కడతారు, పిల్లలకు రోజుకు ఎన్ని గంటలు రింక్ ఇస్తారు, దానికి ఫీజు ఎంత తీసుకుంటారు.