బయట హరిదాసు, లోపల భాగవతార్

మద్రాసు జార్జిటౌన్‌లో, హైకోర్టుకు దగ్గర్లోనే, బ్రాడ్వే అనే రోడ్డుంది. ఇప్పుడు దాన్ని ప్రకాశం సాలై అంటున్నారు. ఆ ప్రకాశం మన టంగుటూరి ప్రకాశం పంతులే. 1944 దీపావళికి అక్కడి బ్రాడ్వే టాకీసులో ‘హరిదాస్’ అనే తమిళ సినిమా విడుదలైంది. 1945 దీపావళికీ ఆడుతోంది, 1946 దీపావళికీ ఆడుతోంది. ఆ రెండు పండుగలకూ కథానాయకుడు భాగవతార్ ఒక హత్యకేసులో జైల్లో ఉన్నాడు.

సినిమావాళ్ల మీద పెద్ద కేసు పడినప్పుడల్లా పాతతరం మద్రాసువాళ్లకు గుర్తొచ్చేది ఈ వ్యవహారమే. తెలుగు సినిమా కూడా ఆ రోజుల్లో మద్రాసులోనే తయారయ్యేది కాబట్టి మనవాళ్లకూ ఇది పరాయి ఊరి గొడవ కాదు.

ఎం.కె. త్యాగరాజ భాగవతార్ 1910లో మాయవరంలో, నగలు చేసే కుటుంబంలో పుట్టాడు. నాటకాల్లో పాడుతూ పైకొచ్చి, 1934లో ‘పవళక్కొడి’తో తెరకెక్కాడు. 1937లో ‘చింతామణి’ ఏడాదికి పైగా ఆడింది. తమిళ సినిమాలో సూపర్‌స్టార్ అనే మాట చెల్లిన మొదటి మనిషి ఆయనే. అప్పటి హీరోకు ముందు కావలసింది గొంతు, నటన తర్వాతి సంగతి. ఆ లెక్కన ఆయనకు ఎదురులేదు.

ఇక సి.ఎన్. లక్ష్మీకాంతన్. ‘సినిమా తూతు’ అనే పత్రికలో తారల పడకగది కబుర్లు రాసేవాడు. రాయకుండా ఉండడానికి డబ్బు గుంజేవాడని పేరు. యుద్ధకాలంలో పత్రిక నడపాలంటే లైసెన్సు కావాలి. దాన్ని రద్దు చేయమని భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు నిర్మాత ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. లైసెన్సు పోయింది. అతను ‘హిందూ నేశన్’ అనే మరో పత్రిక పట్టుకుని అదే పని మళ్లీ మొదలుపెట్టాడు. చట్టప్రకారం పెట్టుకున్న ఆ అర్జీయే తర్వాత కోర్టులో వీళ్లకు ఎదురుతిరిగింది: పగ ఉందనడానికి అంతకన్నా తేలికైన రుజువు ఏముంటుంది?

1944 నవంబరు 8న వేపేరిలో లక్ష్మీకాంతన్ మనిషి లాగే రిక్షాలో వెళ్తుంటే అడ్డగించి కత్తితో పొడిచారు. మర్నాడు జనరల్ ఆస్పత్రిలో ప్రాణం పోయింది. డిసెంబరులో అరెస్టులు జరిగాయి, అర్జీ పెట్టిన ఆ ముగ్గురూ ముద్దాయిలయ్యారు. మద్రాసు హైకోర్టులో జస్టిస్ మాకెట్ ముందు, తొమ్మిదిమంది జ్యూరీతో విచారణ నడిచింది. శ్రీరాములు నాయుడు బయటపడ్డాడు. భాగవతార్, కృష్ణన్ల విషయంలో జ్యూరీ ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలింది. 1945 మే 3న ఇద్దరికీ యావజ్జీవ ద్వీపాంతరవాసం పడింది. అప్పీలు హైకోర్టులో వీగిపోయింది. అప్పటికి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్తే, అక్కడి నుంచి మళ్లీ పరిశీలించమని తిరిగొచ్చింది. చివరికి 1947 ఏప్రిల్ 25న హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. చంపించింది ఎవరో ఈనాటికీ తేలలేదు.

ఇక్కడి నుంచి కథను అందరూ ఒకే తీరుగా చెబుతారు: కేసు భాగవతార్‌ను ముంచేసిందని. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఎందుకంటే అదే బోనులో నిలబడి, అదే శిక్ష పడి, అదే రోజు విడుదలైన కృష్ణన్ మునిగిపోలేదు. 1949లో అన్నాదురై రాసిన ‘నల్లతంబి’లో నటించాడు, 1952లో కరుణానిధి రాసిన ‘పణం’ దర్శకత్వం చేశాడు. ద్రావిడ ఉద్యమం సినిమాలోకి మాటను తెచ్చింది. మాట కృష్ణన్ సొంత ఆస్తి. 1957లో చనిపోయేదాకా ఆయన దగ్గర జనం నవ్వుతూనే ఉన్నారు.

భాగవతార్ దగ్గరున్నది పాట. ఆయన లోపల ఉన్న ఆ కాస్త కాలంలోనే నేపథ్యగానం స్థిరపడింది. నటుడు పాడక్కర్లేదు, పాడేవాడు కనిపించక్కర్లేదు. బయటికొచ్చి తీసిన ‘రాజముక్తి’ 1948లో విడుదలైంది. మన భానుమతి కూడా అందులో ఉంది, పేరులోనే విముక్తి ఉంది, అయినా జనం రాలేదు. గాయని ఎం.ఎల్. వసంతకుమారి తొలిసారి తెర వెనుక నుంచి పాడింది ఆ చిత్రంలోనే. ‘అమరకవి’, ‘శ్యామల’, ‘పుదు వాళ్వు’ ఒకదాని వెనుక ఒకటి పోయాయి. కేసు లేకపోయినా పాటల హీరోల కాలం ముగిసేదే. అయితే బయట ఉండి ఉంటే ఆ మార్పు ఆయన కళ్లముందే మెల్లగా వచ్చేది, సర్దుకోవడానికి వ్యవధి దొరికేది. జైలు తలుపు తెరిచేసరికి అదంతా అయిపోయి ఉంది.

మూడో మనిషి శ్రీరాములు నాయుడు సంగతి చెప్పుకోవాలి. జైలు శిక్ష తప్పిన ఆయన స్టూడియో నడుపుకుంటూ 1954లో ఎన్టీఆర్, భానుమతిలతో తెలుగులో ‘అగ్గిరాముడు’ తీశాడు. ఆ సినిమా చూసినవాళ్లలో దర్శకుడు ఒకప్పుడు హత్యకేసు ముద్దాయి అని ఎందరికి తెలుసో!

చివరి ఏళ్లలో భాగవతార్‌కు మధుమేహం ముదిరింది, చూపు మందగించింది. కచేరీలు మాత్రం మానలేదు. 1959 నవంబరు 1న, 49 ఏళ్ల వయసులో, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. పదిహేనేళ్ల కిందట లక్ష్మీకాంతన్ చనిపోయిందీ అక్కడే. భాగవతార్ ఆఖరి సినిమా ‘శివగామి’ ఆ మరుసటి ఏడాది విడుదలైంది.