ఆపరేషన్ గాయం: అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్ గాయానికి చీము పట్టేది ఎక్కువగా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య. అప్పటికి చాలామంది ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. అంటే అసలు సమయంలో గాయాన్ని చూసేది డాక్టర్లమైన మేం కాదు, ఇంట్లోవాళ్లు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: యాంటీబయోటిక్ ఎన్ని రోజులు వాడితే అంత మంచిది.

వాస్తవం: చీము పట్టకుండా కాపాడే డోసు కోతకు ముందే పడాలి. చాలా యాంటీబయోటిక్‌లను కోతకు ముందు గంటలోపు ఇస్తాం, కోత పెట్టే వేళకి కండలోకి చేరి ఉండాలని. ఆపరేషన్ అయ్యాక ముందుజాగ్రత్త కోసం దాన్ని కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. ఇన్ఫెక్షన్ ఉందని ఇచ్చే కోర్సు వేరు, అది పూర్తిగా వాడాల్సిందే. లోపల చీము చేరితే మాత్రం మాత్రలొక్కటే చాలవు. ఒకటి రెండు కుట్లు విప్పి దాన్ని బయటికి రానివ్వాలి. కుట్లు విప్పగానే ఏదో పాడైందని టెన్షన్ పడతారు గానీ, అదే వైద్యం.

అపోహ: కుట్లు తీసేదాకా నీళ్లు తగలకూడదు.

వాస్తవం: మీ సర్జన్ వద్దనకపోతే 48 గంటలు దాటాక షవర్ కింద స్నానం చేయొచ్చు. గాయాన్ని రుద్దొద్దు, నానబెట్టొద్దు. శుభ్రమైన బట్టతో అద్దితే చాలు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోయడం మానండి. పెరాక్సైడ్ పోస్తే వచ్చే నురగ మురికి వల్లే రాదు, మంచి కణాలు తగిలినా వస్తుంది. పెరాక్సైడ్ వాటినీ దెబ్బతీస్తుంది.

అపోహ: రసి కారితే చీము పట్టినట్టే.

వాస్తవం: మొదటి రెండు మూడు రోజులు డ్రెస్సింగ్ మీద లేత పసుపు, లేత ఎరుపు మరక మామూలే. కుట్ల వెంబడి సన్నని ఎరుపు, కాస్త వాపు కూడా అంతే. గాయం ఎటు పోతోందన్నది చూడండి. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గిన నొప్పి మళ్లీ సలపడం మొదలైనా, ఎరుపు పాకినా, చిక్కటి, వాసన వచ్చే ద్రవం కారినా, చలిజ్వరం వచ్చినా వెంటనే చూపించండి. ఎరుపు అంచున పెన్నుతో గీత గీస్తే సాయంత్రానికి అది గీత దాటిందో లేదో తెలిసిపోతుంది. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, వేడినీ గట్టిదనాన్నీ చేత్తో చూడాలి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి అంతగా తెలియకపోవచ్చు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇంకోటి. పొట్ట ఆపరేషన్ అయిన వారం ప్రాంతంలో, పెద్దగా నొప్పి లేకుండానే, లేత ఎరుపు నీళ్లు ఒక్కసారిగా కారి బట్టలు తడిసిపోతాయి. పైన చర్మం కుట్లు చక్కగానే ఉంటాయి, లోపలి పొర విడిపోతూ ఉంటుంది. పేగు బయటికి కనిపిస్తే లోపలికి నెట్టొద్దు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అపోహ: ఆపరేషన్ ముందు రోజు ఇంట్లోనే నున్నగా షేవ్ చేసుకోవాలి.

వాస్తవం: వద్దు. రేజర్ గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. అవసరమైతే క్లిప్పర్‌తో (వెంట్రుకలు కత్తిరించే మెషిన్) మేమే తీస్తాం. మీరు మానాల్సింది సిగరెట్, అదీ కనీసం నాలుగు వారాల ముందు.

అపోహ: కుట్లు తీశారంటే మానినట్టే.

వాస్తవం: మూడు వారాలకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మం బలంలో సుమారు 20-30 శాతం, మూడు నెలలకు 80. బరువులు ఎప్పుడు ఎత్తాలో సర్జన్నే అడగండి. ఈలోగా దగ్గు వస్తే పొట్ట మీద దిండు అదిమిపెట్టి దగ్గండి.