ప్రూఫు మీ చేతికి వచ్చే ముందు

ప్రియమైన పిల్లలూ,

మన కవుల సంఘం వేసే కవితా సంకలనం గురించి పోయిన సమావేశంలో మీలో ఒకరు అడిగారు: "అమ్మమ్మా, కవితలిచ్చి రెండు నెలలైంది, పుస్తకం ఇంకా రాలేదేం? ప్రింటు తీస్తే అయిపోతుంది కదా!" అందరితో పాటు నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక, నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. ఈ రెండు నెలలూ మీ కవితలు ఎక్కడెక్కడ తిరిగాయో చెప్తాను.

మీరిచ్చిన కాగితాలన్నీ ముందు ఒక్కరి దగ్గరికే చేరతాయి. ఆయన పేర్లు కొట్టేసి నంబర్లు వేస్తారు. ఒకరివే మూడు కవితలుంటే 7-అ, 7-ఆ, 7-ఇ అని. ఏ నంబరు ఎవరిదో ఆయన నోటుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ నంబర్లే ముందు పెట్టుకుని ఎంపిక చేసే ముగ్గురం చదువుతాం. పేరు కనిపించిందంటే మొహమాటం అడ్డొస్తుంది. ఏళ్ల తరబడి రాస్తున్న పెద్దాయన కవితను పక్కన పెట్టడానికి చెయ్యి రాదు. మీలాంటి చిన్నవాళ్లదైతే ముద్దొచ్చి, లేని గుణాలు కూడా కనిపిస్తాయి. (అయినా కొందరి రాత పేరు లేకపోయినా పట్టిచ్చేస్తుంది. ఎవరికీ తెలియనట్టు నటిస్తాం, అంతే.)

మన పద్ధతిలో ప్రతి సభ్యుడిదీ ఒక కవిత ఉండి తీరుతుంది. ఏ కవిత అన్నదే ఎంపిక. బాగున్నవాటినే వేసి మిగిలినవాళ్లను వదిలేసే సంఘాలూ ఉన్నాయి, అందులో తప్పు పట్టను. కానీ అందరూ కలిసి ఖర్చు పెట్టుకుని వేసుకునే సంకలనంలో కొందరే కనిపిస్తే మిగతావాళ్లు పక్కింటి పెళ్లికి చందా ఇచ్చినట్టుంటుంది. ఇంకో మాట, ఎక్కువ డబ్బిచ్చినవాళ్లకు ఎక్కువ పేజీలు అనేది మాత్రం ఎప్పటికీ కుదరదు.

ఎంపిక అయ్యాక మీ ఇంటికి ఒక అనుమతి పత్రం వచ్చింది గుర్తుందా? అమ్మో నాన్నో సంతకం పెట్టారు. కవిత మీకిచ్చేశాం కదా, మళ్లీ సంతకమెందుకు అనకండి. మీరు ఇచ్చింది ఈ పుస్తకంలో ఒకసారి అచ్చు వేసుకోవడానికి అనుమతి మాత్రమే. కవిత ఇంకా మీదే. 1886లో బెర్న్‌లో కుదిరిన ఒప్పందాన్ని ప్రపంచంలో చాలా దేశాలు ఒప్పుకున్నాయి. దాని ప్రకారం రచన మీద హక్కు రాసినవాళ్లకు దానంతటదే వస్తుంది, ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు. రేపు మీరు సొంతంగా పుస్తకం వేసుకుంటే ఈ కవితను అందులో పెట్టుకోవడానికి మమ్మల్ని అడగాల్సిన పని లేదు. అదే కాగితంలో పేరు ఎలా వెయ్యాలి, కలం పేరుందా, ఇంతకుముందు ఎక్కడైనా అచ్చయిందా అనీ అడిగాం. పిల్లల విషయంలో పేరూ వయసూ తప్ప బడి పేరు, ఇంటి చిరునామా లాంటివి వెయ్యం.

ఇక అసలు కష్టం డీటీపీ దగ్గర, అంటే కంప్యూటరులో టైపు చేసి పేజీలు కూర్చే దగ్గర, మొదలవుతుంది. మీ చేతిరాత చూసి ఒకరు టైపు చేస్తారు. కొందరు పెద్దలు పాత ఫాంట్లలో టైపు చేసి పంపుతారు. వాటిని ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఒక్కోసారి ఎగిరిపోయి పక్క అక్షరం మీద వాలతాయి. అవైనా నయం, చూడగానే తప్పని తెలుస్తుంది. తప్పులా కనిపించని తప్పులే ప్రాణం తీస్తాయి. "బతుక్కి అర్థం" అని కవి రాస్తే "బతుక్కి అర్ధం" అని పడిందనుకోండి. మొదటిది భావం, రెండోది సగం. సగం బతుకు గురించి కూడా కవిత రాయొచ్చు కదా, చదివేవాడికి అనుమానమే రాదు. "కల", "కళ" కూడా అంతే. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, కంప్యూటరు దేని కిందా ఎర్రగీత పెట్టదు. మీరు ఏది అనుకున్నారో మీకొక్కరికే తెలుసు.

పుస్తకం వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ అని, ఆ పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య ఉంటుంది. అందులో తప్పు పడితే పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్లీ 1తో, ఇలా చివరిదాకా మార్చి మార్చి గుణించి, అన్నీ కూడండి. మొత్తం చివర సున్నా రావాలి, అలా వచ్చేలాగే చివరి అంకెను వేస్తారు. రాలేదంటే ఏదో అంకె తప్పు పడిందన్నమాట. ఇంట్లో ఉన్న ఏదైనా కొత్త పుస్తకం తీసి చేసి చూడండి, సరదాగా ఉంటుంది. (2007కు ముందువాటిలో 10 అంకెలే ఉంటాయి, వాటి లెక్క వేరు.) కవితకు అలాంటి చివరి అంకె లేదు కాబట్టే ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతి, మీకు పంపుతాం.

పేజీల అమరికలో నేను చేసిన ఒక నిర్వాకం చెప్తాను. వెనకటికి ఒక సంకలనంలో ఒకావిడ కవిత కుడి పేజీ అడుగుదాకా వచ్చి, చివరి రెండు పంక్తులు కాగితం వెనక్కి పోయాయి. అమర్చింది నేనే. మన పుస్తకానికి ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే 16 పేజీలు ఒక ఫారం. 80 పేజీలైతే 5 ఫారాలు సరిగ్గా సరిపోతాయి, 82 అయితే ఆరో ఫారం మొదలెట్టి 14 పేజీలు ఏం చెయ్యాలా అని తల పట్టుకోవాలి. ఆ పొదుపు ధ్యాసలో ఖాళీ కనిపించిన చోటల్లా ఇరికించేశాను. ఆవిష్కరణ సభలో ఒకాయన ఆ కవిత చదివి, పేజీ అయిపోగానే ఆపేశారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడ ముందు వరసలోనే కూర్చుని ఉంది, ఏమీ అనలేదు. ఆ రెండు పంక్తుల కోసమే మిగతాదంతా రాసిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటినుంచి కవిత తిప్పు పేజీకి పోవాల్సి వస్తే, మధ్యలో చరణం దగ్గర విరిచి పంపుతానే గానీ చివర ఒంటరిగా వదలను. ఈసారి 80లో ఇమడక 96కు వెళ్లాం. కొన్ని పేజీలు తెల్లగా ఉంటాయి, ఉండనీండి.

ప్రూఫులు ఈ వారం మీకు అందుతాయి. మీ రాతప్రతి పక్కన పెట్టుకుని, పంక్తి కింద స్కేలు ఆనించి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడండి. ఎర్రకలంతో దిద్దండి. కొత్త చరణాలు మాత్రం ఇప్పుడు రాయొద్దు, పేజీలన్నీ జరిగిపోతాయి. ఒక్క కామా మార్చాలన్నా మేం మిమ్మల్ని అడుగుతాం, మీరూ మాకు చెప్పే మార్చండి.

ఉంటాను,
మీ అమ్మమ్మ

తా.క.: గాలిపటం కవిత రాసిన అమ్మాయికి. తొమ్మిదో పంక్తిలో "తెగిన దారం చివర నా కళ" అని ఉంది. నీ రాతప్రతిలో ఆ అక్షరం మీద నీళ్లు పడి అలుక్కుపోయింది. ముగ్గురం చూశాం, ముగ్గురికీ తేలలేదు. కలా, కళా?