ఎడారిలో స్వెటర్ ఎందుకంటే

మల్లేశ్వరం, బెంగళూరు

బంగారు కొండలూ,

మొన్న ఫోన్లో మీ అత్త పంపిన సామాన్ల జాబితా చదువుతుంటే చిన్నది పకపకా నవ్వింది. "ఎడారికి పోతూ స్వెటర్, మంకీ క్యాప్ ఏంది జేజీ?" అని. నేను జవాబు మొదలుపెట్టేలోపే మీ నాన్న ఆఫీసు కాల్ ఉందంటూ ఫోన్ లాక్కున్నాడు. ముప్పై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పినదాన్ని, ఎవరైనా ప్రశ్న అడిగి జవాబు వినకుండా పోతే ఆ పూట నాకు అన్నం సహించదు. అందుకే ఈ ఉత్తరం. మీ నాన్నకు కాల్స్ లేనప్పుడు చదివించుకోండి.

ముందు మీ బుర్రలో ఉన్న ఎడారిని కాస్త పక్కన పెట్టండి. ఇసుక దిబ్బ, ఒంటె, ఒక ఖర్జూర చెట్టు. ఆ బొమ్మ నేనూ బోర్డు మీద వందసార్లు వేశాను, తప్పు నాదే. మీ అత్త వాళ్ళు తీసుకెళ్ళేది టెక్సస్‌లోని బిగ్ బెండ్ పార్కుకు. రియో గ్రాండే నది అక్కడ పెద్ద మలుపు తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. నది అవతలి గట్టు మెక్సికో. ఇవతల చివావా ఎడారి. అక్కడ ఇసుక కంటే రాళ్ళు, ముళ్ళకంపలు, బూడిద రంగు నేల ఎక్కువ. కళ్ళకు గంతలు కట్టి నన్ను అక్కడ దించి ఉంటే, అనంతపురం నుంచి తాడిపత్రి పోయే దారేమో అనుకునేదాన్ని. నిజం. కొండలు మాత్రం మనవాటి కంటే చాలా పెద్దవి.

మన అనంతపురానికి వాన ఎందుకు తక్కువో గుర్తుందా? నైరుతి మబ్బులు పడమటి కనుమలు దాటేసరికి సగం ఖాళీ అయిపోతాయి. చివావా ఎడారిది అంతకంటే కష్టం. దానికి రెండు వైపులా కొండల వరసలే. పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే తడిని ఒకటి, మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తడిని ఇంకొకటి ఆపేస్తాయి.

ఆ ఎండు నేల మధ్యలో చీసోస్ కొండలు లేస్తాయి. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన రాళ్ళు. కొండల వరస మొత్తం ఒకే నేషనల్ పార్కు లోపల ఇమిడి ఉండటం అమెరికాలో ఇంకెక్కడా లేదంటారు. వాటి నడుమ గిన్నెలాంటి పల్లం, ఆ గిన్నెలో టెంట్లు వేసుకునే క్యాంప్‌గ్రౌండ్. దాన్ని చీసోస్ బేసిన్ అంటారు. నేనూ ఆరేళ్ళ కిందట మార్చిలో అక్కడ మూడు రాత్రులు పడుకున్నాను, మీ అత్తా మామలతో. వెళ్ళే ముందు అది తెరిచి ఉందో లేదో పార్కు వాళ్ళ సైట్‌లో ఒకసారి చూసుకోమని మామకు చెప్పండి. రిపేర్లు, కార్చిచ్చులు వచ్చినప్పుడు మూసేస్తుంటారు.

ఇప్పుడు స్వెటర్ సంగతి. ఆ గిన్నె అడుగే 5,400 అడుగుల ఎత్తులో ఉంది. మనం పొద్దున్నే లేచి పళ్ళు టకటకలాడించుకుంటూ సూర్యోదయం చూడటానికి పోతామే, ఆ నంది కొండ శిఖరం 4,851 అడుగులు. అంటే నంది కొండ నెత్తి మీద ఇంకో ఐదు వందల యాభై అడుగులు ఎక్కి అక్కడ టెంటు వేసుకున్నట్టు లెక్క.

పెద్దోడు ఇక్కడ అడ్డం వస్తాడు, నాకు తెలుసు: "కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, ఇంకా వేడిగా ఉండాలి కదా?" సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడురా. నువ్వు ఒకటిన్నర కిలోమీటరు ఎక్కితే ఆయనకు తెలియను కూడా తెలియదు. ఎండ ముందు నేలను కాలుస్తుంది, నేల తన మీది గాలిని వేడి చేస్తుంది. ఆ గాలి పైకి పోయేకొద్దీ పలచబడి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తూ చల్లబడుతుంది. కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, బాగా పొడి గాలైతే పది దాకా. నది ఒడ్డున ఇంకో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, దాని ఎత్తు 1,850 అడుగులే. మేం మధ్యాహ్నం అక్కడికి పోతే ముప్పై డిగ్రీలు దాటిన ఎండ. సాయంత్రం కొండెక్కి వచ్చేసరికి నేను శాలువా కోసం వెతుక్కున్నాను. ఆ రెండు చోట్లకూ ఎత్తులో తేడా దాదాపు వెయ్యి మీటర్లు. చెన్నైకీ బెంగళూరుకూ ఉన్న తేడా కూడా కాస్త అటూ ఇటూగా అంతే. మేలో చెన్నై పిన్ని ఇంటి నుంచి తిరిగొచ్చి రైలు దిగగానే మీరు "హమ్మయ్య" అంటారు చూడండి, అదే.

ఇది సగం జవాబే. మిగతా సగం రాత్రికి సంబంధించింది. పొద్దంతా కాగిన నేల చీకటి పడ్డాక ఆ వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలిలో నీటి ఆవిరి ఉంటే, మబ్బులుంటే, అవి కొంత వేడిని పట్టుకుని మళ్ళీ కిందికి పంపుతాయి. చెన్నైలో అర్ధరాత్రి కూడా ఫ్యాన్ కింద చెమట పట్టేది అందుకే, అక్కడ సముద్రపు తడి పెద్ద దుప్పటి. ఎడారి గాలిలో ఆ తడి లేదు. వేడి వచ్చిన దారినే పోతుంది. మేమున్న రెండో రాత్రి నాలుగు డిగ్రీలకు దిగింది. బెంగళూరు డిసెంబరుకే బీరువాలో ఉన్నవన్నీ తొడుక్కునే మీకు స్వెటర్ ఎందుకో ఇక వేరే చెప్పాలా?

మొదటి రాత్రి నేను గజగజ వణికాను. అయినా దానికి కారణం చలిగాలి కాదు, నేల. మీ మామ ఖరీదైన స్లీపింగ్ బ్యాగులు కొన్నాడు, కింద వేసుకునే మ్యాట్లు మాత్రం ఇంట్లోనే మరిచిపోయాడు. స్లీపింగ్ బ్యాగు వెచ్చగా ఉంచేది అందులోని దూది కాదు, ఆ దూది మధ్య చిక్కుకున్న గాలి. మనం పడుకుంటే మన బరువుకు వీపు కింద ఆ గాలంతా పోతుంది, బట్ట రాయికి అతుక్కుంటుంది. ఇక రాయి తెల్లవార్లూ మన వేడిని జలగలా పీలుస్తుంది. రెండో రాత్రి కారులోని కాళ్ళ మ్యాట్లు, సామాన్ల అట్టపెట్టెలు విప్పి పరిచాను. మీ మామ నవ్వాడు. అర్ధరాత్రి దాటాక వచ్చి ఒక అట్ట అడిగి తీసుకున్నాడు.

ఇక తిండి. ఇది మీకు బాగా నచ్చే భాగం, ఎందుకంటే ఇందులో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఆ కొండల్లో నల్ల ఎలుగులు ఒకప్పుడు వేటకు, తరిమివేతలకు పూర్తిగా కనుమరుగయ్యాయి. 1980ల చివర్లో మెక్సికో వైపు కొండల నుంచి ఎడారి దాటుకుని వాటంతట అవే తిరిగొచ్చాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. అందుకే ప్రతి టెంటు స్థలం దగ్గరా ఒక ఇనప పెట్టె ఉంటుంది. ఎలుగు పంజాకు తెరుచుకోని గడియ. తినేవే కాదు, వాసన వచ్చే ప్రతిదీ అందులోకి పోవాలి: టూత్‌పేస్టు, సబ్బు, తలనూనె. మనిషి తిండి ఒకసారి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి దాని ప్రాణం మీదికే వస్తుంది.

నేనేం చేశానో చెప్తాను, మీ అత్తతో అనకండి. హ్యాండ్‌బ్యాగులో వేయించిన చెనిక్కాయలు, బొరుగులు పెట్టుకుని, దాన్నే దిండుగా పెట్టుకుని పడుకోబోయాను. పక్క టెంటు ముసలావిడ మా వైపు వచ్చి మాటల్లో అది చూసి, చేతులు రెండూ పంజాల్లా ఎత్తి చూపించింది. భాష అక్కర్లేకపోయింది. పరుగున పోయి పెట్టెలో పెట్టాను. ఎలుగు రాలేదు కానీ తెల్లారి హవలీనాలు వచ్చాయి, మన అడవిపందిని చిన్నది చేసినట్టుంటాయి. నాగజెముడును ముళ్ళతో సహా కరకరా నమిలేస్తాయి. మనకు గుత్తొంకాయలో ఒక ఈనె వస్తే గోల.

నాగజెముడు అంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా చేను గట్టు మీద నాగజెముడు, రైలు కట్ట పొడుగునా కిత్తనార. అవి మా రాయలసీమ చెట్లే అనుకుని పెరిగాను. కిత్తనార ఆకు నానబెట్టి దంచి నార తీసి పగ్గాలు పేనేవాళ్ళు మా నాయన. బిగ్ బెండ్‌లో ఆ రెంటినీ చూసి "మన ఊరివి ఇక్కడికెట్లా వచ్చాయి?" అన్నాను. మీ అత్త తల కొట్టుకుంది. వాటి పుట్టిల్లే అమెరికా ఖండం. నాగజెముడు మీద ఎర్ర రంగిచ్చే పురుగుల్ని పెంచాలని 1700ల చివర్లో ఇంగ్లీషు వాళ్ళు మద్రాసులో దాని తోటలే వేశారు. రంగు వ్యాపారం సాగలేదు, చెట్టు మాత్రం ఉండిపోయింది. అక్కడి కిత్తనార ఇరవై, ముప్పై ఏళ్ళు, ఒక్కోటి ఇంకా ఎక్కువ కాలం ఊరికే కూర్చుని, ఒక్కసారి మనిషికి రెండింతల ఎత్తు పూలగెల వేసి, పూసి చచ్చిపోతుంది. పూస్తూ కనిపిస్తే నాకు ఫోటో పంపండి.

ఎక్కడున్నానూ... వంట. అక్కడ కట్టెల మంట పెట్టనివ్వరు, ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ స్టవ్ మీదే వండాలి. మీ అత్త మామూలు గిన్నెలో కందిపప్పు పెట్టింది. గంట దాటినా గుండ్రాళ్ళలాగే ఉన్నాయి. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తొందరగా మరుగుతాయి. తొందరగా అంటే తక్కువ వేడికే. చెన్నైలో నూరు డిగ్రీలు, ఇక్కడ మనింట్లో తొంభై ఏడు, అక్కడ తొంభై ఐదు లోపే. నీళ్ళు కుతకుతలాడుతున్నట్టే ఉంటాయి, పప్పుకు మాత్రం వేడి చాలదు. కుక్కర్ మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఆ చిక్కు పోతుంది. మాకు కుక్కర్ లేదు. నా హ్యాండ్‌బ్యాగు బొరుగులే దిక్కయ్యాయి. ఉగ్గాని చేశాను, నానబెట్టి పిండి తాలింపు పెట్టడమే కదా. బజ్జీలు లేని ఉగ్గాని మా ఊళ్ళో ఎవరూ పెట్టరు, అక్కడ ఎవరూ అడగలేదు. అత్తకు చెప్పి చిన్న కుక్కర్ పెట్టించండి.

నీళ్ళ గురించి మాత్రం నవ్వకుండా వినండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. అంత దాహం వేయదే అంటారు. అదే మోసం. పొడి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది, చొక్కా తడవదు, నీళ్ళు పోతున్నాయని మీకు తెలియదు. తలనొప్పి మొదలయ్యేసరికే ఆలస్యం. క్యాంప్‌గ్రౌండ్ నుంచి విండో అనే చోటికి ఒక కాలిబాట ఉంది. ఆ గిన్నెలో పడిన ప్రతి వానచుక్కా బయటికి పోయేది అక్కడి రాతి సందులోంచే. పోయేటప్పుడంతా దిగుడు, హాయిగా ఉంటుంది. అలిసిపోయాక ఎక్కాలి. మన కొండలకు అలవాటుపడ్డ కాళ్ళు ఇక్కడే బోల్తాపడతాయి. ఉన్న నీళ్ళలో సగం అయ్యాయంటే చూడాల్సింది ఎంత మిగిలినా వెనక్కి తిరగండి. విండో చివర రాళ్ళు నున్నగా అరిగి ఉంటాయి, అంచుకు పోవద్దు.

ఎండిన వంకలో టెంటు వేయొద్దని కూడా చెప్పాలి. చదునుగా, ఇసుక మెత్తగా, రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. ఎక్కడో దూరంగా వాన పడితే మీ నెత్తిన చుక్క పడకుండానే నీళ్ళొచ్చేస్తాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి ఇళ్ళలోకి వచ్చినప్పుడు మీ నాన్న రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు, గుర్తుందా? అదీ కరువు సీమే.

రాత్రి ఆకాశం గురించి ఎక్కువ రాయను. రాసి చూశాను, కొట్టేశాను. ఎడారి గాలిలో తడి లేదు, చుట్టూ వంద కిలోమీటర్లలో పెద్ద ఊరు లేదు. 2012లో ఆ పార్కుకు చీకటి ఆకాశం ఉన్న చోటుగా అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. మార్చిలో చీకటి పడగానే నైరుతి వైపు మా ఊళ్ళో గొల్లకావడి అనే మూడు చుక్కల వరస (ఓరియన్ నడికట్టు) కనిపించింది, దాని ముందు పిల్లలకోడి, అంటే కృత్తికలు. డెబ్బైకి దగ్గరపడ్డాక మళ్ళీ చూశాను వాటిని. బెంగళూరులో అవీ ఉంటాయి, మన లైట్లు చూడనివ్వవు.

ఒక పని చేయండి. ధ్రువ నక్షత్రం అక్కడ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు. అక్కడ మూడు పిడికిళ్ళకు కాస్త తక్కువ వస్తుంది, బెంగళూరులో ఒకటికి కాస్త ఎక్కువ. ఏ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం అంతే ఎత్తు. ముప్పై ఏళ్ళు దీన్ని సుద్దముక్కతో చెప్పాను, నా పిడికిలితో కొలిచింది ఆ రాత్రే. అగస్త్య నక్షత్రం కోసం కూడా దక్షిణం వైపు వెతికాను. అది అక్కడ చాలా కిందుగా ఉంటుంది, చుట్టూ ఉన్న కొండలు కనపడనివ్వలేదు. వింధ్యను అణచిన అగస్త్యుడికి చీసోస్ కొండలు బదులు తీర్చుకున్నాయన్నమాట.

మీ తాత గొంగడి ఒకటి ఉంది, కళ్యాణదుర్గం సంతలో కొన్నది. రాత్రి టెంటు లోపల మన ఊపిరే చెమ్మగా మారి బట్టల మీద పడుతుంది. ఉన్ని తడిసినా వెచ్చదనం అంతా పోదు. అట్టపెట్టెలు పరిచిన రాత్రి అది ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆదివారం మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో మారి వచ్చేయండి, ఇస్తాను. బీరువాలోంచి తీసి మూడు రోజులుగా ఎండలో వేస్తున్నా కలరా ఉండల వాసన పోవడం లేదు. దాన్ని కూడా ఆ ఇనప పెట్టెలోనే పెట్టమంటారేమో, అత్తను అడగండి.

ఆశీస్సులతో,
మీ జేజి