కంట్రోల్ లైన్ స్కేల్ విమానాలు: గ్లో ఇంజిన్ నుంచి బ్యాటరీ దాకా

ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ శిబిరాలకు వెళ్లినవారికి కంట్రోల్ లైన్, అంటే తీగలతో నడిపే చిన్న మోడల్ విమానాలు కొత్త కాదు. మధ్యలో పైలట్ హ్యాండిల్ పట్టుకుని తిరుగుతుంటే, రెండు సన్నని ఉక్కు తీగల చివర విమానం అతని చుట్టూ ఎగురుతుంది. తీగలు విమానం లోపలి బెల్‌క్రాంక్ అనే మీటను కదిపితే, విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక రెక్క, అంటే ఎలివేటర్ కదులుతుంది. 1940ల్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ ఫైర్‌బాల్ కిట్లతో దీన్ని ఊరూరా పాకించాడు. ఆ ఏర్పాటులో పైలట్ చేతికి అందేది ఎలివేటర్ ఒక్కటే. ఇంజిన్ ఒకసారి స్టార్టయితే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా దాని ఇష్టం.

విన్యాసాలు చేసే విమానానికి అది చాలు. నిజమైన విమానాన్ని అచ్చుగుద్దినట్టు చేసే స్కేల్ మోడల్‌కు చాలదు. అది నేలమీద మెల్లగా కదలాలి, నిదానంగా లేవాలి, చక్రాలు తాకించి మళ్లీ పైకెళ్లాలి. అంటే ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ కావాలి. ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించే రే ఆర్డెన్ గ్లో ప్లగ్ 1947లో మార్కెట్‌లోకి వచ్చాక ఇంజిన్లు తేలికయ్యాయి. ఆ తర్వాత ఇంధనం, గాలి కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్‌ను కదపడానికి మూడో తీగ కలిసింది. అయినా తలనొప్పి తీరలేదు. గుండ్రంగా తిరిగేటప్పుడు ఇంధనం ట్యాంకులో బయటి గోడకు నెట్టుకుపోతుంది. మట్టం తగ్గేకొద్దీ మిశ్రమం పలచబడుతుంది. మొదటి నిమిషంలో చక్కగా పలికిన ఐడిల్ (కనిష్ట వేగం), అయిదో నిమిషానికి ఇంజిన్‌ను ఆపేస్తుంది. స్కేల్ పోటీల్లో ఎన్నో ల్యాండింగులు పాడైంది ఇక్కడే.

విద్యుత్ ఆలోచన కూడా పాతదే. 1957 జూన్ 30న బ్రిటన్‌లో కర్నల్ టాప్లిన్ తన ‘రేడియో క్వీన్’ మోడల్‌ను సిల్వర్-జింక్ బ్యాటరీలతో ఎగరేశాడు. కానీ అప్పటి బ్యాటరీల బరువు, బ్రష్ మోటార్ల నష్టం కలిసి చాలా ఏళ్లపాటు దాన్ని ప్రయోగం స్థాయిలోనే ఉంచాయి. 2000 తర్వాత బ్రష్‌లెస్ మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ అందరికీ అందుబాటులోకి రావడంతో లెక్క మారింది. థ్రాటిల్ ఇప్పుడు సమస్యే కాదు. చిక్కంతా బరువు దగ్గర, ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందన్న దగ్గర ఉంది.

పాత గ్లో మోడల్‌ను విద్యుత్‌కు మార్చడానికి 10 సీసీ ఇంజిన్‌కు కట్టిన 2.7 కిలోల ఫైటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. తీగల పొడవు 18.3 మీటర్లు, ఒక చుట్టుకు 6 సెకన్లు అంటే వేగం గంటకు సుమారు 69 కిలోమీటర్లు. 12×6 ప్రొపెల్లర్‌ను (12 అంగుళాల వ్యాసం, ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకెళ్లే పిచ్) నిమిషానికి 8,700 చుట్లు తిప్పితే పిచ్ వేగం గంటకు 80 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. ఆ కాస్త మిగులు ఉండాలి. 4 సెల్‌ల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), 800 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 800 చుట్లు) మోటారు దీనికి సరిపోతాయి. పూర్తి థ్రాటిల్‌లో 32 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 60 ఆంపియర్ల ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టాలి. సగటున 22 ఆంపియర్ల చొప్పున 6 నిమిషాలకు 2,200 ఎంఏహెచ్ ఖర్చవుతుంది. ప్యాక్‌లో 80 శాతమే వాడాలనుకుంటే 2,800 ఎంఏహెచ్ కావాలి.

ఇక తూకం. మఫ్లర్‌తో 10 సీసీ ఇంజిన్ 600 గ్రాముల దగ్గర తూగుతుంది. మోటారు 200 గ్రాములే. ముక్కు తేలికైపోతుంది కాబట్టి 300 గ్రాముల బ్యాటరీ ఫైర్‌వాల్‌ను, అంటే మోటారు బిగించే ముందరి చెక్క పలకను ఆనుకునే కూర్చోవాలి. ట్యాంకు ఉన్న చోటే పెడదామంటే చాలా మోడళ్లలో తోక బరువవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పొట్టిముక్కు విమానాలకు అప్పటికీ సీసం తప్పదు. ఖాళీ ట్యాంకుతో గుర్తుపెట్టుకున్న గరిమనాభి కంటే కొద్దిగా ముందు నుంచి మొదలుపెట్టడం క్షేమం. ఇంధనం కరిగిపోయేది, బ్యాటరీ కరగదు. అంటే విమానం నిండు బరువుతోనే నేలకు దిగుతుంది, కాబట్టి ల్యాండింగ్ గేర్ తీగను పరీక్షించాలి. పైన చెప్పిన 69 కిలోమీటర్ల వేగంలో తీగలపై లాగుడు సుమారు 5.5 కిలోలు. మోడల్ 300 గ్రాములు పెరిగితే అది 6 కిలోలు దాటుతుంది. పాత బెల్‌క్రాంక్, దాని నుంచి రెక్క బయటికి వచ్చే లీడ్‌అవుట్ తీగలు దానికి తట్టుకుంటాయో లేదో ముందే లాగి చూడాలి.

పాత మోడల్‌లో అన్నిటికంటే మొండిది గ్లో ఇంధనంలో కలిపే ఆముదం. ఏళ్లతరబడి నూనె పీల్చిన ఫైర్‌వాల్‌కు ఎపాక్సీ అంటుకోదు. అసిటోన్‌తో తుడిచి, మొక్కజొన్న పిండి అద్ది నూనె లాగించాలి. అప్పటికీ చెక్క నల్లగానే ఉంటే కోసేసి కొత్త ప్లైవుడ్ వేయడమే మంచిది. ముక్కును కప్పే కౌలింగ్‌లోకి గాలి వచ్చే దారి కంటే పోయే దారి ఒకటిన్నర రెట్లయినా పెద్దదిగా ఉండాలి, లేదంటే ఈఎస్‌సీ మాడిపోతుంది.

మూడో తీగను పారేయనక్కర్లేదు. అది కదిపే మీట చేతిని ఒక స్లైడ్ పొటెన్షియోమీటర్‌కు (జరిపితే నిరోధం మారే భాగం) కలిపి, దాంతో సర్వో టెస్టర్ అనే చిన్న సిగ్నల్ సర్క్యూట్‌ను నడిపితే ఈఎస్‌సీకి సిగ్నల్ అందుతుంది. తీగ తెగితే చేయి ఐడిల్ వైపు పోయేలా స్ప్రింగ్ పెట్టాలి. పొటెన్షియోమీటర్ వైరు ఊడితే కొన్ని టెస్టర్లు పూర్తి థ్రాటిల్ ఇస్తాయి. ప్రొపెల్లర్ తీసేసి, ఒక్కో వైరు పీకి చూశాకే మైదానానికి వెళ్లాలి.

రెండు, నాలుగు ఇంజిన్ల బాంబర్లకు ఈ మార్పు బాగా కలిసొచ్చింది. విమానం అపసవ్యంగా తిరిగేటప్పుడు లోపలి ఇంజిన్ ముందు ఆగితే, బయటి ఇంజిన్ ముక్కును పైలట్ వైపు తోస్తుంది, తీగలు సడలుతాయి. అందుకే పాతవాళ్లు లోపలి ఇంజిన్‌కు ఇంధనం ఎక్కువ పోసేవారు. ఇప్పుడు అన్ని మోటార్లూ ఒకే ప్యాక్ మీద నడిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. విడివిడి ప్యాక్‌లు పెడితే మాత్రం పాత ప్రమాదమే తిరిగొస్తుంది. సిగ్నల్ సర్క్యూట్‌కు కరెంటు ఇచ్చే ఎర్రవైరును ఒక్క ఈఎస్‌సీకే ఉంచి, మిగతావాటివి పిన్ను నుంచి తీసేయాలి. వైర్ల పొడవు పెంచాల్సి వస్తే ఈఎస్‌సీ నుంచి మోటారుకు వెళ్లే మూడు వైర్లను పెంచాలి. బ్యాటరీ వైపు పెంచితే వోల్టేజ్ ఉప్పెనలకు ఈఎస్‌సీలోని కెపాసిటర్లు పాడవుతాయి. తప్పనిసరైతే అదనపు కెపాసిటర్లను ఈఎస్‌సీకి దగ్గరగా టంకం వేయాలి.